మిస్సు చదివిందా?

శిడ్లఘట్ట తాలూకాలోని ఒక సర్కారు బడి. ‘సెలవుల్లో నేనేం చదవాలో మీరే చెప్పండి’ అని టీచరు పిల్లల్ని అడిగారు. వాళ్లు చెప్పి ఊరుకోలేదు, లెక్క కూడా రాసిపెట్టారు.

ఎడిటరు గారు ఫోన్లో చెప్పింది మూడే ముక్కలు. ‘శిడ్లఘట్ట అనగానే అందరూ పట్టు గురించి రాస్తారు. మీరు పుస్తకాల గురించి రాయండి. గురువారం సాయంత్రానికి కావాలి.’ అప్పటికే మంగళవారం మధ్యాహ్నం దాటింది.

పిల్లలూ పుస్తకాలూ అనే కథనాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. కారణం నేనే. ఎనిమిదో తరగతిలో మా మాస్టారు ఒక్కొక్కరినీ లేపి ఇష్టమైన పుస్తకం అడిగారు. నా వంతు రాగానే ‘సత్యశోధన’ అన్నాను. ‘శభాష్’ అన్నారాయన. అప్పుడు నా సంచిలో ఉన్నది అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవల. గాంధీగారి ఆత్మకథ అట్ట కూడా అప్పటికి చూడలేదు. అలాంటి ప్రశ్నకు పిల్లలు ఏం జవాబిస్తారో అనుభవం మీద తెలిసినవాణ్ని.

ఆ అనుమానాన్ని వెంటబెట్టుకునే శిడ్లఘట్టలో బస్సు దిగి, గూళ్ల మార్కెట్టు దాటి, మల్బరీ తోటల మధ్య ఆటోలో వెళ్లాను. బడి పేరు రాయొద్దన్నారు టీచరు. ‘పేరు పెడితే రేపట్నుంచి తనిఖీకి వచ్చినోళ్లంతా ఈ నోటుబుక్కే అడుగుతారు సార్. అప్పుడు పిల్లోళ్లు నిజం రాయరు.’ నా అనుమానం సగం అక్కడే సడలింది.

బల్ల సొరుగులోంచి తీసి చేతికిచ్చారు. పొడుగాటి నోటుబుక్కు, మూలలు మడతలు పడ్డాయి. చదువు కన్నడంలో గనక రాత కన్నడం. చాలామందికి ఇంట్లో మాట తెలుగు. అందుకని వాక్యం కన్నడంలో మొదలై తెలుగులో తేలుతుంది. పేజీకి నాలుగు గడులు. పుస్తకం పేరు, ఎందుకు చదవాల, చెప్పిందెవరు. ఈ మూడూ టీచరు గీసినవి. నాలుగోది పిల్లలే స్కేలు పెట్టి గీసుకున్నారు. దాని తలమీద రాసిన మాట: ‘మిస్సు చదివిందా?’

నేను వెళ్లింది మొదటి మూడు గడుల కోసం. గంటసేపు కూర్చోబెట్టింది నాలుగోది.

‘కిందరిజోగి’ ఎదురుగా ఒక పిల్ల రాసింది: ‘ఎలకలు పొయ్యేది బాగుండాది. పిల్లోళ్లు పొయ్యేది బాగలేదు. అయినా చదవండి.’ నాలుగో గడిలో టీచరు: ‘చదివాను. నాకూ అక్కడే బాధేసింది.’ ‘కర్వాలో’ దగ్గర దాపరికం లేకుండా ‘సగంలో ఆపేశాను’ అని రాసుకున్నారు. దాని కింద పెన్సిలుతో ఎవరో: ‘ఆపితే బల్లి కనపడదు మిస్.’ రీలింగు పని చేసే ఇంటి పిల్లవాడొకడు తన దగ్గరున్న కథల పుస్తకం పేరు రాసి, ‘ఇది ఉర్దూలో ఉంది, మిస్సుకు రాదు, నేనే చదివి చెప్తా’ అన్నాడు. ఆ వరసలో జవాబు ఒకటే మాట: ‘విన్నాను.’

ఇరవై మూడో వరస దగ్గర నా వేలు ఆగింది. పుస్తకం: ‘మా నాయన పురుగుల లెక్క బుక్కు.’ ఎందుకు చదవాల: ‘ఆఖర్లో ఏమౌతుందో రాసినోడికీ తెలీదు.’

ఆ బుక్కు నేనూ చూశాను. ఎరువుల అంగడివాళ్లు ఇచ్చిన పాత డైరీ. అక్షరాలు కన్నడం, మాటలు తెలుగు. ‘చాకి తెచ్చింది.’ ‘మూడో జ్వరం లేచింది.’ ‘ఆకు చాల్లేదు, పక్క తోటలో కొన్నది.’ ‘పండు పురుగులు, చంద్రికె మీదికి.’ చాకి అంటే లేత పురుగులు. చంద్రికె అంటే పండిన పురుగులు గూడు కట్టుకునే తట్ట. జ్వరమంటే ఇక్కడ రోగం కాదు. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తుకుని కదలకుండా ఉండిపోతుంది. అలా నాలుగుసార్లు. నాలుగో జ్వరం లేచాక దాని ఆకలికి అంతుండదు. బతుకంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఆ చివరి దశలోనే తింటుంది. ఆ రోజుల్లో తన తరగతి పలచబడుతుందని టీచరు చెప్పారు. ఆకు కోయడానికి ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాలి మరి.

ఒక పంట పేజీలో తేదీలు వరసగా నడిచి, నాలుగో జ్వరం తర్వాత ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి: ‘సున్నకట్టు.’ బూజు సోకి, చచ్చిన పురుగు సున్నపు ముక్కలా తెల్లగా బిగుసుకుపోయే తెగులు. మిగతా పేజీ ఖాళీ. ‘ఇక్కడేమైంది?’ అని టీచరు అడిగితే పిల్లవాడు, ‘ఆ పొద్దు మా నాయన అన్నం తినలా మిస్’ అన్నాడట. నాలుగో గడిలో ఆమె రాత: ‘చదివాను. ఒక పేజీ రెండుసార్లు.’

కాస్త చరిత్ర కూడా కావాలన్నారు ఎడిటరు గారు. గబగబా చెప్పేస్తాను. శిడ్లఘట్ట ఉన్న చిక్కబళ్ళాపురం జిల్లా కోలారు నుంచి విడివడింది 2007లో. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకున్న నారాయణప్ప, తాతయ్యగా పేరుపడి, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడాడు. ఆ తెలుగు పాటల్ని కన్నడ లిపిలో చూసి పాడుకునేవాళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. లెక్క బుక్కు రాసిన రైతుది ఆ దారే. కర్ణాటకలో పౌర గ్రంథాలయాల చట్టం 1965లో వచ్చింది. 2020 నవంబరు 14న మొదలైన ‘ఓదువ బెళకు’ కార్యక్రమంతో గ్రామ పంచాయతీ గ్రంథాలయాల్లో పిల్లలకు ఉచిత సభ్యత్వం దొరికింది. ప్రతి పాఠకుడికీ ఒక పుస్తకం, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉండాలని 1931లో సూత్రం కట్టిన రంగనాథన్ మొదట లెక్కల మాస్టారు. 1972లో బెంగళూరులోనే పోయారు. లెక్క బుక్కుకు రెండో పాఠకురాలు దొరికిందంటే ఆయన సంతోషించేవారు.

■ నోటుబుక్కులోంచి మూడు
కిందరిజోగి: బ్రౌనింగ్ ఇంగ్లిషు కవితను కువెంపు కన్నడ పిల్లల కోసం బొమ్మనహళ్లికి తెచ్చారు.
కర్వాలో: పూర్ణచంద్ర తేజస్వి నవల, 1980. ఎగిరే బల్లి కోసం అడవిలో వెతుకులాట.
తొత్తోచాన్: జపాన్ రచయిత్రి కురోయనాగి 1981లో రాసిన బడి జ్ఞాపకాలు. తెలుగులో ‘రైలుబడి’. కొత్తగా చేరిన పిల్ల మాటల్ని హెడ్మాస్టరు నాలుగు గంటలు వింటాడు.

■ తలకట్టు
తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కన్నడం చదివే పిల్లకు తెలుగు పేజీ ఇస్తే తలకట్టు దగ్గర కాసేపు తికమకపడి, క, త, హ దగ్గర ఆగి, మిగతాది కూడబలుక్కుంటుంది. అర్థం మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఇంట్లో మాటే.

బయల్దేరబోతుంటే ఒక పిల్ల నోటుబుక్కు నా ముందు పెట్టింది. ‘మీరూ ఒకటి రాయండి సార్.’

పెన్ను పట్టుకోగానే, నమ్మండి, చెయ్యి ‘సత్య’ దాకా వెళ్లబోయింది. ఆపుకుని రాశాను: కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల, పేరు గుర్తులేదు. ఎందుకు చదవాల: అద్దె పుస్తకంలో ఆఖరి పేజీలు చినిగిపోయాయి, హంతకుడెవరో నాకింకా తెలీదు.

పిల్ల చదివి తల ఎత్తింది. ‘పేరు లేకుంటే మిస్సు ఎట్ల చదువుతుంది?’

‘పుస్తకం నేనే పంపిస్తా.’

‘ఎప్పుడు?’ అంటూ నాలుగో గడిలో చిన్న చుక్క పెట్టుకుంది.

గురువారం సాయంత్రానికి కథనం పంపేశాను. ఈ ఆదివారం మీరిది చదివే వేళకు నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల ముందు గొంతుక్కూర్చుని ఉంటాను.