కోఠి రెసిడెన్సీ ఒక్కటే.. కెమెరా మారితే ఫొటోనే వేరు! ఫిల్మ్ ఫ్రేమ్ లెక్క ఏంటంటే?

ఫోన్‌లో తీసిన ఫొటో నచ్చకపోతే డిలీట్ చేసి ఇంకోటి తీస్తాం. ఫిల్మ్ కెమెరాతో ఆ వీలు లేదు. 35 ఎంఎం రోల్‌కు మామూలుగా 36 ఫొటోలు, 6x6 కెమెరాలో అయితే 120 రోల్‌కు 12 మాత్రమే. పైగా ఒక్కో కెమెరా ఫ్రేమ్‌ది ఒక్కో ఆకారం. కొత్తగా ఫిల్మ్ పట్టుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే.

ఒకప్పటి కోఠి ఉమెన్స్ కాలేజీ ప్రాంగణంలోని బ్రిటిష్ రెసిడెన్సీనే తీసుకుందాం. ముందు ఆరు ఎత్తైన స్తంభాలు, కింద వెడల్పాటి మెట్లు, చెరోపక్క సింహం. 35 ఎంఎం ఫ్రేమ్ 36x24 మిల్లీమీటర్లు, అంటే పొడుగు ఎక్కువ. అడ్డంగా పట్టుకుంటే సింహాలతో సహా ముఖభాగమంతా పడుతుంది. కెమెరాను నిలువుగా తిప్పి, దగ్గరికెళ్లి, రెండు స్తంభాలు, మెట్లపై ఒక మనిషి వచ్చేలా చూడండి. ఆ స్తంభాలు ఎంత ఎత్తో అప్పుడే తెలుస్తుంది.

6x6 ఫ్రేమ్ చదరం. అడ్డమా, నిలువా అన్న గొడవే లేదు. సరిగ్గా మధ్యలో నిలబడితే అటు మూడు స్తంభాలు, ఇటు మూడు. ఈ భవనానికి బాగా నప్పేది ఇదే. కాకపోతే పైనుంచి తొంగిచూసే ఫైండర్‌లో కుడి ఎడమలు తారుమారు. సింహాన్ని ఫ్రేమ్‌లోకి తేబోయి బయటికి నెట్టేస్తుంటారు!

4x5 అంగుళాల షీట్ ఫిల్మ్ కెమెరాలో అయితే బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. కానీ ఒక పెద్ద లాభం ఉంది. మామూలు కెమెరాను పైకెత్తితే స్తంభాలు వెనక్కి వాలినట్టు వస్తాయి. ఇందులో కెమెరాను నిటారుగానే ఉంచి, లెన్స్‌ను మాత్రం పైకి జరపొచ్చు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పనిచేసింది గాజు పలకలు వాడే పెద్ద కెమెరాలతోనే. పలకకు ఒకే ఫొటో.

అసలు చిక్కు ప్రింట్ దగ్గర వస్తుంది. 35 ఎంఎం ఫ్రేమ్ 6x4 ప్రింట్‌లో పూర్తిగా సరిపోతుంది. అదే 10x8 నిండా వేయిస్తే పొడుగులో ఆరో వంతు ఎగిరిపోతుంది. పెళ్లి గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ పెద్దనాన్న సగమే కనిపించేది అందుకే. తీసేటప్పుడే రెండు చివర్లా ఖాళీ వదలాలి.

రీల్ కోసమైతే కోత ఇంకా ఎక్కువ. అడ్డంగా తీసిన ఫ్రేమ్‌ను 9:16లోకి కుదిస్తే 60 శాతానికి పైగా పోతుంది. ఆరు స్తంభాలూ కావాలా, ఫోన్ స్క్రీన్ నిండాలా అన్నది షట్టర్ నొక్కకముందే తేల్చుకోవాలి.