ఆవగింజంత పెచ్చు, అరచేతంత తుప్పు
కారు రంగుకు తగిలే రాతి దెబ్బ: కారణాలు, మరమ్మతు, నివారణ

సముద్రతీరాన పెరిగినవారికి తుప్పును ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. నేను విశాఖపట్నంలో చదువుకొన్న రోజులలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్ళ కిటికీ ఊచలకు తరచుగా రంగు వేయించుకోవటం గృహస్థులకు తప్పని ఖర్చుగా ఉండేది. ఉప్పుగాలి ఇనుమును తింటుందని అక్కడి పిల్లలకు కూడా తెలుసు. పై చదువులకు కెనడా వచ్చి, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఒంటారియోలో స్థిరపడిన తరువాత ఆ బెడద తప్పిందనుకొన్నాను. అది ఎంతటి పొరపాటో బోధపడటానికి రెండు శీతాకాలాలు పట్టింది.

2005లో నేనొక పాత కారు కొన్నాను. ఆ నవంబరులో 401వ నంబరు రహదారిపై వెళుతుండగా, ముందు పోతున్న లారీ చక్రం కింద నుండి ఎగిరివచ్చిన రాయి ఒకటి ముందు అద్దానికి పైన, కప్పు అంచుకు తగిలింది. దిగి చూస్తే ఆవగింజంత మేర రంగు పెచ్చు ఊడి ఉంది. అద్దం పగలలేదు కదా అని సంతోషించి ఆ సంగతి మరచిపోయాను. వసంతం వచ్చేసరికి అక్కడ నారింజరంగు చుక్క తేలింది. చిన్న రంగు సీసా ఒకటి కొనితెచ్చి, ఆ చుక్క మీద ఒక బొట్టు పెట్టాను. చుక్క మాయమయింది. పాలిమర్ల మీద పరిశోధన చేస్తున్న నేను, నా పనితనానికి మురిసిపోయాను కూడా.

మరుసటి సంవత్సరం వేసవిలో మా నాన్నగారు మమ్మల్ని చూడటానికి వచ్చారు. ఆయన వ్యవసాయదారులు. ఒకనాడు కారు తుడుస్తూ, కప్పు అంచున రూపాయి కాసంత ఉబ్బు కనిపిస్తే వేలితో నొక్కారు. రంగు పటుక్కున విరిగి, లోపలి నుండి తుప్పు పొడి రాలింది. "ఒరేయ్ అబ్బాయ్, పుండు కడగకుండా పట్టీ వేశావురా" అన్నారు. అంతకు మించి ఆయన ఏమీ అనలేదు. నాకు మాత్రం తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఆ తుప్పు చివరకు కప్పును తొలిచింది. వాన నీరు లోపలికి కారటం మొదలయ్యాక, ఆ కారును తుక్కు ధరకు వదులుకోవలసివచ్చింది. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవటమంటే ఇదే.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే: రంగు పెచ్చు ఊడటం అందానికి సంబంధించిన లోపం కాదు, రక్షణకు సంబంధించిన లోపం. కనుక మరమ్మతులో ముఖ్యమైనది రంగు కలవటం కాదు, లోహం శుభ్రపడి మూతపడటం. ఇది గ్రహిస్తే మిగిలిన పని సులభం.

కారు చర్మంలోని పొరలు

మన కంటికి ఒకే పూతగా కనిపించే కారు రంగులో నిజానికి అనేక పొరలున్నాయి. అట్టడుగున ఉక్కు రేకు. 1980ల నుండి అధిక భాగం కార్లలో ఈ రేకు మీద యశదం, అనగా జింకు, పూత ఉంటున్నది. దానిపై ఒకటి రెండు మైక్రాన్ల ఫాస్ఫేట్ పొర ఉంటుంది. (మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్.) ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా తుప్పుకు తట్టుకొని నిలవటానికి, ఆ ఇనుములో అధికంగా ఉన్న భాస్వరం వల్ల ఏర్పడిన ఫాస్ఫేట్ పొర ముఖ్యకారణమని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. ఆ రక్షణనే కార్ల కర్మాగారాలు మరొక మార్గంలో సాధిస్తున్నాయన్నమాట.

ఆపైన ఎపాక్సీ పూత. కారు దేహాన్ని మొత్తంగా రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తును పంపి, మూలమూలలకూ సుమారు 20 మైక్రాన్ల పూతను పట్టిస్తారు. తుప్పును ఆపటంలో దీనిదే పెద్ద పాత్ర. దాని మీద సాధారణంగా బూడిదరంగు ప్రైమరు, ఆ తరువాత మనం ఏరికోరి కొనుక్కొనే అసలు రంగు, అన్నింటికీ పైన నిగనిగలాడే పారదర్శకపు పూత. మనం ఎంతో మోజుపడే ఆ అసలు రంగు 15 మైక్రాన్ల చిల్లర మాత్రమే! ఈ పూతలన్నీ కలిపినా తలవెంట్రుకలు రెండింటిని పేర్చినంత మందముంటుంది, అంతే.

రాయి చేసే పని

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు, గాలిలో నిలిచి ఉన్న చిన్న రాయి తగిలిందనుకొందాం. ఆ దెబ్బ, అదే రాయి సుమారు 39 మీటర్ల ఎత్తు నుండి, అంటే రెండు తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత ఎత్తు నుండి, కారుపై పడినదానితో సమానం. వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. ఎదురుగా వచ్చే వాహనం విసిరిన రాయి అయితే రెండు వేగాలూ కలుస్తాయి. పైగా ఆ శక్తి అంతా రాతి మొనంత చోటులోనే కేంద్రీకృతమవుతుంది.

చలి ఈ నష్టాన్ని పెంచుతుంది. రంగులోని పాలిమర్లు వెచ్చదనంలో కొంత సాగి, దెబ్బను ఓర్చుకొంటాయి. ఉష్ణోగ్రత బాగా తగ్గినప్పుడు గాజువలె పెళుసవుతాయి. అందుచేతనే పరిశోధనశాలలలో రంగు పలకల మీదకు గాలి ఒత్తిడితో గులకరాళ్ళను విసిరి పరీక్షించేటప్పుడు, గది ఉష్ణోగ్రతలోనే కాక గడ్డకట్టే చలిలో కూడా పరీక్షిస్తారు.

ఉప్పు చేసే పని

రాయి తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చి దోచుకొనేది ఉప్పు. ఒంటారియోలో, హ్యూరాన్ సరస్సు తీరాన ఉన్న గోడరిచ్ పట్టణంలో 1866లో చమురు కోసం తవ్వుతుండగా ఉప్పు బయటపడింది. 1959లో అక్కడ ప్రారంభమైన గని, ప్రపంచంలోని భూగర్భ ఉప్పు గనులలోకెల్లా పెద్దది. సరస్సు అడుగున సుమారు 550 మీటర్ల లోతు నుండి తవ్వితీసే ఆ ఉప్పు, కోట్ల సంవత్సరాల కిందట ఎండిపోయిన సముద్రానిది. విశాఖలో సముద్రం గాలిగా వస్తుంది. ఇక్కడ లారీలలో వచ్చి రోడ్డు మీద చల్లబడుతుంది. అంతే తేడా!

కెనడా రోడ్లపై ఏటా సుమారు 50 లక్షల టన్నుల ఉప్పు పడుతున్నదని 2001లో కేంద్ర పర్యావరణ శాఖ వెలువరించిన సమీక్ష తెలిపింది. ఉప్పు లేకపోతే ప్రాణాలకే ముప్పు కనుక దానిని నిందించి లాభం లేదు. కాల్గరీ, ఎడ్మంటన్ వంటి పశ్చిమ నగరాలలో చలి మరీ తీవ్రమైనప్పుడు మామూలు ఉప్పు మంచును కరిగించలేదు. అందుచేత అక్కడ ఇసుక, గులకరాళ్ళు కూడా విరివిగా చల్లుతారు. అక్కడి మన మిత్రుల కార్లకు రాతి దెబ్బలు ఎక్కువగా తగలటానికి ఇదొక కారణం.

పెచ్చు ఊడి లోహం బయటపడినచోట ఉప్పునీరు చేరితే, అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రానులను వదిలి కరుగుతుంది. పక్కనే ఆక్సిజను ఆ ఎలక్ట్రానులను గ్రహించి క్షారాన్ని పుట్టిస్తుంది. ఉప్పు వీటి మధ్య విద్యుత్తు సులభంగా ప్రవహించేటట్లు చేస్తుంది. ఆ క్షారం రంగు అంచును లోహం నుండి విడదీస్తుంది. తుప్పు, తాను పుట్టిన ఇనుముకన్న రెండింతలకు పైగా చోటు ఆక్రమించి, రంగును పైకి ఉబ్బిస్తుంది. జింకు పూత ముందుగా తాను కరిగిపోతూ కొంతకాలం ఉక్కును కాపాడుతుంది కాని, ఆ త్యాగానికీ ఒక హద్దు ఉంది. తుప్పు పైకి చుక్కగా కనిపించేనాటికే రంగు కింద దాని విస్తీర్ణం అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. నేను రంగు బొట్టు పెట్టింది ఆ చుక్కకు. కింద పాకినదానికి కాదు.

మరమ్మతు చేసే విధానం

ఈ పనికి అనువైన ఉష్ణోగ్రత 15 నుండి 25 డిగ్రీల సెల్సియస్. ఎండ నేరుగా పడని చోటు, గాలి ధారాళంగా ఆడే చోటు కావాలి. ద్రావణుల ఆవిరులు హానికరం, మండే స్వభావం కలవి. కనుక పిల్లలను, నిప్పును దూరంగా ఉంచాలి. రంగు సంకేతసంఖ్య సాధారణంగా డ్రైవరు వైపు తలుపు చట్రం మీది చీటీపై ఉంటుంది. దానిని చెప్పి రంగు కొనాలి. "తెలుపు" అని అడిగితే చాలదు.

మొదటి మెట్టు, పరీక్ష. సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, భూతద్దంతో చూడండి. బూడిదరంగు కనిపిస్తే దెబ్బ ప్రైమరు వరకే వచ్చింది, ప్రమాదం తక్కువ. మెరిసే లోహం కనిపిస్తే ఆలస్యం చేయకండి. నారింజరంగు కనిపిస్తే తుప్పు మొదలైనట్లే. అది ఉక్కో కాదో తెలియకపోతే, గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని దగ్గర పెట్టి చూడండి. ప్లాస్టిక్ బంపరుకు తుప్పు భయం లేదు.

రెండవ మెట్టు, శుద్ధి. అంచున వదులుగా ఉన్న రంగును పుల్లతో సున్నితంగా తీసివేయండి. తుప్పు ఉంటే, సన్నని గరుకు కాగితాన్ని పెన్సిలు కొనంత ముక్కగా చేసి, లోహం మెరిసేవరకు రుద్దండి. సూది గుంటలలో మిగిలినదానికి తుప్పును మార్చే ద్రవాలు దొరుకుతాయి. వీటిలో చాలావాటికి టానిక్ ఆమ్లం ఆధారం. అది తుప్పును నల్లని, స్థిరమైన పదార్థంగా మారుస్తుంది. ఇది మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ రసంలో తడిపిన బట్టపై, తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రవంతో గీసినప్పుడు పుట్టే నలుపు కూడా ఈ చర్య వల్లనే. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు, మైనం తుడిచి ఆరనివ్వాలి. జిడ్డు మీద ఏ రంగూ నిలవదు.

మూడవ మెట్టు, మూత. లోహం బయటపడి ఉంటే తప్పనిసరిగా ప్రైమరు వేయాలి. ఆ తరువాతనే రంగు, పారదర్శకపు పూత. మొత్తం ఒకేసారి ఒక లావు బొట్టుగా వేస్తే పైభాగం ముందుగా ఎండి, లోపలి ద్రావణి చిక్కుకుపోతుంది. సన్నని కుంచెతోనో, పళ్ళపుల్ల కొనతోనో, గుంటలో మాత్రమే పడేటట్లు, పలుచగా రెండు మూడు పూతలు వేసి, సీసాపై సూచించినంత సేపు ప్రతి పూతనూ ఆరనివ్వాలి. కర్మాగారపు పూత కొలిమిలో కాలి గట్టిపడినది. మనం వేసినది గాలికి ఆరేది. కనుక అది పూర్తిగా గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు దానిపై మైనం రుద్దకూడదు.

దగ్గరగా చూస్తే ఆ మచ్చ కనిపించవచ్చు. కనిపించనివ్వండి. రంగు ఉబ్బి ఉన్నా, రేకు మెత్తబడినా, చిల్లు పడినా మాత్రం అది ఇంటి పని కాదు, నిపుణునికి చూపించాలి.

నివారణ

అన్నింటికంటె చౌకయిన కవచం దూరం. లారీల వెనుక, కంకర మోసే వాహనాల వెనుక మామూలుకన్న రెట్టింపు ఎడం పాటించండి. వీలైతే వరుస మారండి. కంకర రోడ్లపై వేగం తగ్గించండి. గంటకు 120 నుండి 85 కిలోమీటర్లకు దిగితే దెబ్బ శక్తి సగానికి సగం తగ్గుతుంది. చక్రాల వెనుక రబ్బరు తెరలు మీ కారు పక్కలనే కాక, వెనుక వచ్చేవారిని కూడా కాపాడతాయి.

ముందు భాగానికి అంటించే పాలియురిథేన్ పారదర్శక పొర 150 నుండి 200 మైక్రాన్ల మందముండి, సాగే గుణం వల్ల దెబ్బను నిజంగానే పీల్చుకొంటుంది. ఖర్చు ఎక్కువ కనుక, బానెట్టు ముందంచుకు మాత్రమే వేయించుకొనేవారు కూడా ఉన్నారు. "సిరామిక్" పూతలు మురికిని, నీటిని నిలవనీయవు కాని, అంత పలుచని పూత రాతిని ఆపలేదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి డబ్బు పోగొట్టుకోకండి.

శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్న రోజులలో, అడుగుభాగంతో సహా కారును కడిగించండి. ఉప్పుతో తడిసిన కారును కడగకుండా వెచ్చని గరాజులో పెట్టటం దానికి ఉపకారం కాదు. చలిలో మందగించిన తుప్పు చర్య వెచ్చదనంలో వేగం పుంజుకొంటుంది. కెనడాలో ఏటా శరదృతువులో కారు అడుగున నూనె కొట్టించుకొనే అలవాటు కూడా చాలామందికి ఉంది. మా నాన్నగారు పని ముగియగానే పారను, గడ్డపలుగును కడిగి, తుడిచి, ఆముదం రాసి పెట్టేవారు. సూత్రం అదే.

మన పండుగలలో ఇందుకు తగిన రోజు ఒకటి ఉండనే ఉంది. దసరాకు మనం వాహనపూజ చేస్తాం. ఆ పండుగ సరిగ్గా మంచుకు, ఉప్పుకు కొద్ది వారాల ముందు వస్తుంది. ఈసారి కారుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచటానికి వారం పది రోజుల ముందు, ఒక ఆదివారం ఉదయం పిల్లలను వెంటబెట్టుకొని, భూతద్దం చేతబట్టి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. పెచ్చులు లెక్కపెట్టే పని వారికి అప్పగించండి. ఉప్పు, ఇనుము, గాలి కలిస్తే ఏమవుతుందో చెప్పండి. మా ఇంట ఏటా జరిగే పని ఇది. నాన్నగారు ఇప్పుడు లేరు. "ముందు పుండు కడుగు నాన్నా, తరువాత పట్టీ" అని మా అమ్మాయి నన్ను హెచ్చరిస్తుంటుంది.