ఎయిర్‌పోర్టు మాట విని సైటు కొనే ముందు ఒక లెక్క వేద్దాం



ఈమధ్య మా సంఘం ఆఫీసుకు వచ్చేవారిలో తెలుగు బడి గురించి అడిగేవారికంటే భూమి గురించి అడిగేవారే ఎక్కువయ్యారు. రేటు ఇంకా పెరుగుతుందా, ఉన్న పొలం అమ్మేద్దామా, అప్పు చేసైనా ఒక సైటు కొందామా అని అడుగుతున్నారు. మేము బ్రోకర్లం కాదు, జోస్యం చెప్పేవాళ్లం అంతకన్నా కాదు. కానీ ఉద్యోగ జీవితమంతా గుమాస్తాగా కాగితాలు, లెక్కలు చూసినవాళ్లం. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెప్పదలిచాం.

బుడగ అంటే ఏమిటి?

ఇంటి ధర పెరిగిన ప్రతిసారీ దాన్ని బుడగ అనలేము. ఊరికి ఫ్యాక్టరీ వచ్చి, పనివాళ్లు వచ్చి, వారికి ఇళ్లు కావలసి ధర పెరిగితే అది న్యాయమైన పెరుగుదలే. అలా కాకుండా, కొనేవాడు అందులో ఉండడానికీ అద్దెకివ్వడానికీ కాక, "ఆరు నెలల్లో ఇంకొకడు ఎక్కువకు కొంటాడు" అన్న ఒక్క నమ్మకంతోనే కొంటే అది బుడగ. ఆ ఇంకొకడు రానినాడు బుడగ పగులుతుంది. ముందు అమ్ముకున్నవాడు లాభంతో వెళ్లిపోతాడు, చివర కొన్నవాడి చేతిలో అప్పు మిగులుతుంది.

మన ఊళ్లో నిజమెంత, ఆశ ఎంత?

హోసూరు పెరుగుదలలో నిజం చాలా ఉంది. 1970లలో సిప్‌కాట్ వచ్చింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాయి. ఈమధ్య టాటా ఎలక్ట్రానిక్స్, పోచంపల్లి దగ్గర ఓలా ఫ్యాక్టరీ వచ్చాయి. 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది. బెంగళూరులో అద్దె కట్టలేనివారు కూడా ఇటే చూస్తున్నారు. ఇదంతా నిజమైన గిరాకీ.

ఇక ఆశ సంగతి. 2024 జూన్ 27న ముఖ్యమంత్రి స్టాలిన్ గారు శాసనసభలో హోసూరుకు 2000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణించేలా అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని ప్రకటించారు. ఆ రోజు నుంచి బాగలూరు, బేరికె, శూలగిరి వైపు ఏ పొలం గట్టు మీద నిలబడినా ఇదే మాట. అయితే బెంగళూరు విమానాశ్రయ సంస్థతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. అది తెరిచిన 2008 నుంచి 25 ఏళ్లపాటు, అంటే 2033 వరకు, 150 కిలోమీటర్ల లోపు మైసూరు, హాసన్ తప్ప మరెక్కడా అంతర్జాతీయ విమానాశ్రయాన్ని అనుమతించకూడదు. హోసూరు ఆ పరిధిలోనే ఉంది. విమానాశ్రయం రాదని మేము అనడం లేదు, రావాలనే కోరుకుంటున్నాం. ప్రకటన వచ్చిన రోజుకూ విమానం దిగే రోజుకూ మధ్య ఏళ్లు పడతాయి. బ్యాంకు మాత్రం వచ్చే నెల నుంచే వాయిదా అడుగుతుంది.

అమరావతిని చూసైనా

మన తెలుగువాళ్లకు ఈ పాఠం కొత్త కాదు. రాష్ట్ర విభజన తరువాత అమరావతిని రాజధానిగా ప్రకటించగానే ఆ చుట్టుపక్కల భూముల ధరలు ఆకాశానికంటాయి. రైతులు 33 వేలకు పైగా ఎకరాలు ఇచ్చారు. 2015 అక్టోబరులో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు కనిపించకుండా పోయాడు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ధర కదిలింది. నిలుపుకోగలిగినవాడు నిలిచాడు. అప్పు చేసి కొన్నవాడికి మాత్రం ఆ నాలుగున్నరేళ్లూ నలభై ఏళ్లలా గడిచాయి. ఒక్క ప్రకటనతో పెరిగిన ధర ఇంకొక ప్రకటనతో పడిపోగలదు.

ఉద్యోగస్తుడి లెక్క

ఉదాహరణకు 50 లక్షల ఇల్లు అనుకుందాం. బ్యాంకు 40 లక్షలు ఇస్తుంది, 10 లక్షలు మనం పెట్టుకోవాలి. తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, మొత్తం నాలుగున్నర లక్షలు అదనం. 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల వాయిదా సుమారు 36 వేలు. మొత్తం కట్టేది 86 లక్షలు దాటుతుంది.

మొదటి మూడేళ్లలో మనం దాదాపు 13 లక్షలు కడతాం. అందులో అసలు తగ్గేది రెండున్నర లక్షలే. ఆ సమయంలో ఇంటి ధర నూటికి ఇరవై పడితే ఇంటి విలువ 40 లక్షలు, బాకీ ముప్పై ఏడున్నర లక్షలు. చేతి నుంచి పెట్టిన పది లక్షల్లో మిగిలేది రెండున్నర. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎలాగూ తిరిగి రాదు.

అదే ఇంటికి 13 వేలు అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి లక్షా యాభై ఆరు వేలు, అంటే మూడు శాతం. తొమ్మిది శాతానికి అప్పు తెచ్చి మూడు శాతం సంపాదిస్తున్నాం. మిగతా ఆరు శాతం ధర పెరుగుతుందన్న ఆశ మీదే నిలబడి ఉంది. ఉండడానికి కొనేవారికి ఇది కొంత తట్టుకోదగ్గదే. లాభానికి కొనేవారు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి.

మన ఊరి జీతాలు చాలావరకు బండ్ల ఫ్యాక్టరీల మీద ఆధారపడినవి. 2019 సెప్టెంబరులో అమ్మకాలు తగ్గి అశోక్ లేలాండ్ హోసూరు ప్లాంట్లలోనూ పనిలేని రోజులు ప్రకటించింది. ఓవర్‌టైము పోయినా వాయిదా తగ్గదు.

రైతు లెక్క

కిందటేడు ఒక పెద్దాయన మా దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. "అడ్వాన్సు ఇచ్చినారు, సంతకం పెట్టినాను, ఇప్పుడు ఫోను ఎత్తరు" అన్నాడు. ఆయన చదివింది తెలుగు మీడియం, కాగితం తమిళంలో ఉంది. అమ్మకానికి అగ్రిమెంట్ అనుకొని ఆయన సంతకం పెట్టింది పవర్ ఆఫ్ అటార్నీ మీద. అది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "చదివి చెప్పమని ఎవరినైనా అడగాలంటే సిగ్గేసింది నాయనా" అన్నాడు. మేము ఆయనను వకీలు దగ్గరికి తీసుకెళ్లాం. వ్యవహారం ఇంకా తేలలేదు.

తెలుగు బడుల్లో చదివిన మన పెద్దలకు తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చదవకుండా సంతకం పెట్టడమే ప్రమాదం.

ఇంకొక సంగతి. ప్రభుత్వం భూమి తీసుకుంటే పరిహారానికి ఆధారం గైడ్‌లైన్ విలువ, రిజిస్టరైన దస్తావేజుల్లోని ధరలు. టీకొట్టు దగ్గర చెప్పుకునే ధర కాదు. అందుకే నోటి ధరకు కొని, తక్కువకు రిజిస్టరు చేయించుకున్నవాడు రెండు విధాలా నష్టపోతాడు.

ఊరికి జరిగేది

బుడగ ఉబ్బినప్పుడు అద్దెలు పెరిగి కూలివాళ్లు ఊరి బయటికి పోతారు, చిన్న వర్క్‌షాపు పెట్టాలనుకునే కుర్రవాడికి షెడ్డు దొరకదు, ఉన్న డబ్బంతా మట్టిలో ఇరుక్కుంటుంది. పగిలినప్పుడు మేస్త్రీ, వడ్రంగి, పెయింటరు, ఇసుక లారీ డ్రైవరు ముందు పని పోగొట్టుకుంటారు. అమెరికాలో ఇళ్ల అప్పులు మునిగి, 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీస్తే, ఆ మాంద్యం మన దేశంలో లారీల అమ్మకాల దాకా వచ్చి తాకింది.

కొనే ముందు

పట్టా, ఈసీ, మూల దస్తావేజు మూడూ చూడండి. ఈసీని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. లేఅవుట్‌కు డీటీసీపీ అనుమతి ఉందా అడగండి. 2016 అక్టోబరు 20 తరువాత వేసిన అనుమతిలేని సైట్లకు 2017 నాటి క్రమబద్ధీకరణ వర్తించదు. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రెరా నంబరు ఉండాలి. అక్కడ అగ్రిమెంట్ రిజిస్టరు కాకుండా పది శాతం మించి అడ్వాన్సు అడగకూడదు. వాయిదా మీ జీతంలో మూడోవంతు దాటనీయకండి. "ఈరోజే కట్టకపోతే పోతుంది" అన్నవాడికి రేపు రమ్మని చెప్పండి.

భూమి పత్రం తమిళంలో ఉండి అర్థం కాకపోతే సంతకానికి ముందే సంఘం ఆఫీసుకు తీసుకురండి. చదివి తెలుగులో చెబుతాం, రుసుము ఏమీ లేదు. మీ ఇంట్లో తమిళం చదువుకున్న మనవడో మనవరాలో ఉంటే ముందు వాళ్లను కూర్చోబెట్టి చదివించుకోండి.

ఇట్లు,
సంఘ కార్యదర్శి