రక్తం గ్రూపు కలిస్తే చాలదా?

"లుకేమియా వచ్చిన పిల్లాడికి మూలకణాలు ఇవ్వాలంటే రక్తం గ్రూపు కలిస్తే చాలదా?" అని వజ్రపుకొత్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఆ ఊరున్న ఉద్దానంలో ఈ ప్రశ్న పుట్టడం సహజమే. కిడ్నీ జబ్బు ఎన్నో ఏళ్లుగా పీడిస్తున్న ప్రాంతం అది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమే వెలిసింది. కిడ్నీ మార్పిడి అనగానే ముందు గ్రూపు సంగతే ఎత్తుతారు.

మూలకణాల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. గ్రూపు కలవకపోయినా ఎక్కించవచ్చు. దాతది ఏ గ్రూపయితే, కొన్ని నెలలకు పిల్లాడిదీ అదే గ్రూపయిపోతుంది! కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ, అంటే కణాల మీద ఉండే గుర్తింపు అణువులు.

రక్తకణాలన్నీ ఎముక మూలుగలోని మూలకణాల నుంచే పుడతాయి. లుకేమియాలో ఆ పుట్టుక అదుపు తప్పుతుంది. చాలామంది పిల్లలకు మందులతోనే నయమవుతుంది. మందులకు లొంగనప్పుడో, జబ్బు తిరగబెట్టినప్పుడో పాత మూలుగను తుడిచిపెట్టి దాత కణాలు ఎక్కిస్తారు. ఇక ఈ హెచ్‌ఎల్‌ఏ సంగతికి వద్దాం.

1958లో ఫ్రాన్సులో ఝాఁ దోసే మొదటి హెచ్‌ఎల్‌ఏను పట్టుకున్నాడు. ఇలాంటి అణువులున్నది పరాయి కణజాలాన్ని తిప్పికొట్టడానికే అని చాలాకాలం అనుకున్నారు. ప్రకృతిలో అవయవాలు మార్చే సర్జన్లు ఎక్కడున్నారన్న అనుమానం రావద్దూ! 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ ఎలుకలకు వైరస్ ఎక్కించి చూశారు. ఒక జాతి ఎలుక టి-కణాలు, అంటే రోగనిరోధక కణాలు, తన జాతి ఎలుకల్లో వైరస్ సోకిన కణాలను చంపాయి. అదే వైరస్ సోకిన వేరే జాతి కణాలను మాత్రం ముట్టుకోలేదు. టి-కణానికి వైరస్ ఒక్కటే కనిపిస్తే చాలదు, దాన్ని చూపించేది సొంత అణువై ఉండాలి.

పలాస జీడిపప్పు వ్యాపారి బస్తాలోంచి పిడికెడు తీసి చూపిస్తాడు కదా, హెచ్‌ఎల్‌ఏ చేసేదీ అదే. కణం లోపలి ప్రోటీన్ల ముక్కలను పైకి తెచ్చి టి-కణాలకు చూపిస్తుంది. 1987లో హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్ బృందం ఆ అణువు ఆకారాన్ని బయటపెట్టింది. పైన ఒక గాడి, గాడిలో ఇరుక్కుపోయిన ఏదో పదార్థం. ఆ పదార్థమే చూపించే ముక్క! గాడి ఆకారం మనిషిమనిషికీ మారుతుంది. హెచ్‌ఎల్‌ఏలో వేలకొద్దీ రకాలున్నాయి. ఏ ఒక్క వైరసూ అందరి కళ్లూ కప్పలేదన్నమాట.

ఈ వైవిధ్యమే మార్పిడికి అడ్డం పడుతుంది. కిడ్నీ విషయంలో భయం రోగి శరీరం దాన్ని తిరస్కరిస్తుందని. మూలకణాల విషయంలో దాత టి-కణాలే రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద విరుచుకుపడతాయి. అలాగని పూర్తిగా ఒకేలా ఉంటే మంచిదా అంటే, అదీ కాదు. ఏకరూప కవలసోదరుడి కణాలు ఎక్కించిన రోగుల్లో లుకేమియా తిరగబెట్టడం ఎక్కువని తేలింది. జబ్బును చంపేది మందులూ రేడియేషనే, దాత కణాలు కేవలం ఖాళీ పూడుస్తాయి అనుకున్నవాళ్లు పొరబడ్డారు. మిగిలిపోయిన లుకేమియా కణాలను వేటాడేది దాత టి-కణాలే. నాకు ఇంతకంటే ముచ్చటైన సంగతి వైద్యశాస్త్రంలో ఇంకోటి కనబడదు.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఒకేచోట గుంపుగా ఉంటాయి. అమ్మకున్న రెండు గుంపుల్లో ఒకటి, నాన్నకున్న రెండింట్లో ఒకటి వస్తాయి కాబట్టి తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. సగం కలిసిన తల్లిదండ్రుల కణాలతోనూ ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు. అయినా పూర్తిగా కలిసిన దాత కోసం ముందు వెతుకుతారు. మన దగ్గర చాలా సమూహాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని 2009లో హైదరాబాదు సీసీఎంబీ పాలుపంచుకున్న అధ్యయనం చూపింది. కాబట్టి తెలుగు పిల్లలకు జోడీ జర్మనీలో కంటే తమ సమూహంలోనే దొరికే ఆశ ఎక్కువ. కానీ ప్రపంచంలోని దాతల రిజిస్ట్రీల్లో 4 కోట్లకు పైగా పేర్లున్నా అందులో భారతీయుల వాటా చాలా తక్కువ.

రిజిస్ట్రీలో చేరడం తేలిక. చెన్నైలో దాత్రి, బెంగళూరులో డీకేఎంఎస్ ఫౌండేషన్ ఇండియా ఉన్నాయి. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఇస్తే చాలు. జోడీ కుదిరితే కొన్ని రోజులు ఇంజెక్షన్లు, తర్వాత చాలావరకు రక్తంలోంచే కణాలు తీస్తారు. ఒళ్లునొప్పులు ఉంటాయి, తగ్గిపోతాయి. నా చిరాకల్లా వేరు. కాలేజీ శిబిరంలో ఉత్సాహంగా పేరిచ్చిన కుర్రాడు హైదరాబాదుకో గల్ఫ్‌కో పనికి వెళ్లి ఫోన్ నంబరు మార్చేస్తాడు, రిజిస్ట్రీకి చెప్పడు. ఇంకొందరు సరేనని చివర్లో వెనక్కి తగ్గుతారు. ఒక్కోసారి అప్పటికే పిల్లాడి మూలుగను తుడిచిపెట్టి ఉంటారు.