ఒకే పేరు, రెండు నగరములు

నేను నివసించు ఆర్మూరు పసుపు పండు సీమలోని ఊరు. ఇచ్చట పసుపు అన్నంతమాత్రమున బేరము కుదరదు. కొమ్మా, మండా అని అడిగి, విరిచి చూచిన పిదపనే వెల చెప్పుదురు. ఊళ్ల పేర్లయందును ఇట్టి విచారణ అవసరమని నేడు మనవి చేయదలచితిని.

పరిశ్రమలకు పేరొందిన నగరములు కొన్ని ఒకే పేరుతో వేర్వేరు దేశములలో నున్నవి. ఇంగ్లండులో ఇనుప పనికి ప్రసిద్ధి కెక్కిన బర్మింగుహాము కలదు. అమెరికాలో అలబామా రాష్ట్రమున 1871 లో మరియొక బర్మింగుహాము వెలసెను. ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి ఒక్కచోటనే దొరకుటచే, దాని స్థాపకులు ఇంగ్లండు నగరము పేరునే కోరి పెట్టిరి.

మనకు దగ్గరి ఉదాహరణము హైదరాబాదు. దక్కనులోని హైదరాబాదును 1591 లో మహమ్మదు కులీ కుతుబ్ షా స్థాపించెను. సింధులోని హైదరాబాదును 1768 లో గులాం షా కల్హోరో, పూర్వము నీరున్ కోట యుండిన తావున నిర్మించెను. హైదర్ అనగా సింహము. అది హజ్రత్ అలీకి గల బిరుదు. రెండు పేర్లకును ఆ బిరుదే మూలమని చెప్పుదురు.

వింత యేమనగా, రెండు నగరములును గాజులకు పేరొందినవే. చార్మినారు చెంత లాడ్ బజారులో లక్క గాజులు ప్రసిద్ధము. లక్కను నిప్పుసెగపై మెత్తపరచి, కడ్డీగా సాగదీసి, వలయముగా వంచి, రాళ్లు పొదుగుదురు. సింధు హైదరాబాదువి మనము మట్టి గాజులని పిలుచునవి. కొలిమిలో కరగిన గాజును తీగగా లాగి, తిరుగు కడ్డీకి చుట్టి, కోసి వలయములు చేయుదురు. వాని కొసలను సన్నని మంటపై అతుకు పనిని పెక్కు ఇండ్లలో స్త్రీలే చేయుచున్నారు. కండ్లకు సెగ తగులు ఆ పని కష్టము గాజులు తొడుగుకొనువారికి తెలియదు.

దేశవిభజనకు పూర్వము ఉత్తరములపై ఒకదానికి దక్కను అనియు, మరియొకదానికి సింధు అనియు చేర్చి వ్రాయుచుండిరి. నాంపల్లి రైలు స్టేషనుకు హైదరాబాదు దక్కను అను పేరు నేటికిని నిలిచియున్నది. 1947 లో సింధు పాకిస్తానులో చేరెను. అచ్చటి హిందువులు పెక్కుమంది ఇల్లు వాకిలి విడిచి భారతదేశమునకు వచ్చిరి. సింధునుండి వచ్చినవారిలో కొందరు మన జంటనగరములలోనే స్థిరపడిరి; సికిందరాబాదున సింధీ కాలనీ ఇప్పటికిని కలదు.

ఒక హైదరాబాదున పుట్టి మరియొక హైదరాబాదున కాపురమున్నవారికి మీ దే ఊరు అను ప్రశ్న తేలికైనది కాదు. జన్మస్థలము హైదరాబాదని మాత్రమే వ్రాసినచో, వారు పోగొట్టుకొన్న ఊరు కాగితమున కానరాదు. ఊరి ప్రక్కన దేశము పేరు వ్రాసినపుడే వారి జీవితము సరిగా తెలియును. కావున ఎవరైన వృద్ధులు తాము హైదరాబాదువారమని చెప్పినచో, ఏ హైదరాబాదని మర్యాదగా అడుగుడు. వారిలో కొందరికి చెప్పవలసిన కథ యుండును.