ఖాళీ లేని కుర్చీ

ఈమధ్య ఎవరింట్లో కలిసినా "రిటైర్మెంటు ఎప్పుడండీ?" అనే ప్రశ్నే. 72 ఏళ్ళొచ్చాయి, అడగరూ మరి!

మన ఆంధ్రలో సర్కారు ఉద్యోగమైతే ఈ ప్రశ్న రాదు. 1983లో రామారావుగారి ప్రభుత్వం నిరుద్యోగ యువకుల కోసమని పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కి తగ్గించింది. మా నాన్నగారు అప్పుడే ఇంటికొచ్చేశారు. తర్వాత మళ్ళీ 58 అయింది. 2022 నుంచి 62.

ఇక్కడ చాలా ఉద్యోగాలకు 1986 చట్టంతోనే వయోపరిమితి తీసేశారు. మా ప్రొఫెసర్లను 70కి పంపించే వీలు మాత్రం 1993 ఆఖరుదాకా ఉంచారు. ఆ తర్వాత అదీ పోయింది. ఇక "చాలు" అనుకోవలసింది మనమే.

పోయిన వేసవిలో మా స్నేహితుడి కూతురు పిహెచ్.డి. ముగించి, "అంకుల్, మీ డిపార్ట్‌మెంటులో ఖాళీలున్నాయా?" అంది. లేవన్నాను. అబద్ధం కాదు. ఉండవలసిన ఒక్క ఖాళీలో నేనే కూర్చున్నాను!

నేను దిగినా ఆ ఉద్యోగం కుర్రవాళ్ళకు దక్కుతుందన్న భరోసా లేదు. ఇలాంటి చోట్లను కోర్సుకింతని ఇచ్చే పార్ట్‌టైమువాళ్ళతో సరిపెట్టేయడం చాలా కాలేజీల్లో మామూలే. ఇన్నాళ్ళూ ఆ మాట చాటున దాక్కున్నాను.

మొన్న సంక్రాంతినాడు మా డీనుగారికి ఉత్తరం రాశాను. వచ్చే మే నెలలో వెళ్ళిపోతాను, నా స్థానంలో పర్మనెంటుగా ఒకరిని తీసుకుంటామని రాసివ్వండి, అని.

జవాబింకా రాలేదు.