చద్ది కుండలో పరుగుపందెం

రాత్రి భోజనాలయ్యాయి. గిన్నె అడుగున రెండు గరిటెల అన్నం మిగిలింది. పారేయడానికి అమ్మకు చేతులు రావు. అలాగే మూత పెట్టి పొయ్యి గట్టు మీద వదిలేస్తే తెల్లవారేసరికి ఏమవుతుంది? ఒక్కోసారి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కోసారి ముద్ద తీస్తే తీగలు సాగుతుంది.

ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మన అమ్మమ్మలు ఆ అన్నంలో నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ కలిపి, ఉట్టి మీద పెట్టేవారు. పొద్దున్నే అందులో ఉప్పు వేసుకుని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని పిల్లలు బడికి పోయేవారు, పెద్దలు పొలానికి పోయేవారు. ‘చల్ది’ అనే పాత మాటే మన నోళ్ళలో ‘చద్ది’ అయింది.

అన్నం ఒకటే, ఇల్లు ఒకటే, రాత్రి ఒకటే. ఒక గిన్నెలోది చెడిపోయింది, ఇంకో కుండలోది పులిసి కమ్మగా అయింది. ఈ తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం.

అన్నం ఉడికేటప్పుడు కుతకుతలాడుతుంది కదా, అందులో ఉన్న సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయి ఉంటాయని మీరు అనుకోవచ్చు. చాలావరకు చస్తాయి. కాని పొలం మట్టిలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఒకటుంది. (‘సీరియస్’ అంటే గంభీరమైనదని కాదు, లాటిన్‌లో ‘మైనంలాంటిది’ అని అర్థం!) కాలం కలిసిరానప్పుడు ఇది గట్టి కవచం తొడుక్కుని సిద్ధబీజంగా మారిపోతుంది. వడ్లను అంటిపెట్టుకుని పొలం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి మీ వంటింటికి వస్తుంది. మరిగే నీళ్ళు ఆ కవచాన్ని ఛేదించలేవు. ఎసరు ఆగి అన్నం చల్లబడుతూ గోరువెచ్చగా అయ్యేసరికి సిద్ధబీజం మేలుకుంటుంది. చుట్టూ మెత్తని పిండిపదార్థం, కావలసినంత చెమ్మ, 30 నుంచి 37 డిగ్రీల వేడి. మన వేసవి రాత్రులు దానికి అచ్చంగా సరిపోతాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేయండి. ఒక బాక్టీరియా అరగంటకొకసారి రెండుగా చీలుతుందనుకోండి. రాత్రి 9 గంటలకు ఒకటి ఉంటే, 10 గంటలకు నాలుగు, 11 గంటలకు పదహారు. ఇంతేగా అనిపిస్తుంది. పొద్దున్న 7 గంటలకు ఎన్నయ్యాయో కాగితం మీద వేసి చూడండి: 10,48,576! అయితే మొదటి నాలుగు గంటల్లో పుట్టినవి 256 మాత్రమే. కాబట్టి ఏం చేసినా అన్నం చల్లారిన వెంటనే, మొదటి గంటల్లోనే చేయాలి.

బాసిల్లస్ సీరియస్‌లో కొన్ని రకాలు అన్నంలో పెరుగుతూ ఒక విషాన్ని వదులుతాయి. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసనా లేదు. అంతకంటే చిక్కేమిటంటే, బాక్టీరియా చచ్చినా ఈ విషం చావదు. వేడి చేసినా, నూనెలో వేయించినా అలాగే ఉంటుంది. 1970ల మొదట్లో బ్రిటన్‌లో హోటళ్ళ నుంచి ఫ్రైడ్ రైస్ తెచ్చుకుని తిన్నవారు చాలాచోట్ల కొద్ది గంటల్లోనే వాంతులతో మంచం పట్టారు. కారణం వెతికితే ఇదీ సంగతి: పెద్ద పెద్ద గుండిగలతో అన్నం వండి, ఫ్రిజ్‌లో పెడితే ముద్దకడుతుందని బయటే రాశిగా పోసి రాత్రంతా ఆరనిచ్చేవారు. మర్నాడు అవసరానికి కొంత తీసి పెనం మీద గబగబా వేయించి ఇచ్చేవారు. రాశి పైన చల్లగానే ఉన్నా, లోపలి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. వేయించేసరికే విషం తయారై ఉంది.

“వాసన చూశాం, బాగానే ఉంది” అనే మాట అందుకే చాలదు. రాత్రంతా బయట ఉన్న పొడి అన్నాన్ని పొద్దున్న పోపు వేసి తింటే క్రిములు చస్తాయని చాలామంది ధైర్యం. మా ఇంట్లోనూ ఉండేది. ఆ ధైర్యంతోనే నేను చిన్నప్పుడు ఒకసారి బడికి వెళ్ళబోయి, గుమ్మం దగ్గరే కూలబడ్డాను. ఆ వాంతుల రోజు ఇప్పటికీ బాగా గుర్తు!

సరే, మరి చద్ది కుండలో ఏం జరిగింది? అక్కడికి ఇంకో జట్టు వచ్చి చేరింది. మజ్జిగలో లాక్టిక్ బాక్టీరియా కోట్లకొద్దీ ఉంటాయి. పాలకు తోడు పెడితే పెరుగు చేసేవి ఇవే. అన్నంలో మజ్జిగ కలిపితే ఇవి అక్కడున్న చక్కెరలను తింటూ లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. నీళ్ళు పులుస్తాయి. పులుపు ఒక హద్దు దాటితే బాసిల్లస్ సీరియస్ పెరగలేదు. అంటే ఇది పరుగుపందెం. సీరియస్ విషం చేసేలోపల లాక్టిక్ సైన్యం ఆ నీళ్ళను పుల్లగా చేసేయాలి. వట్టి నీళ్ళు పోసి ఊరుకుంటే గాలిలోంచో, కుండలోంచో లాక్టిక్ బాక్టీరియా వచ్చి పెరిగేదాకా ఆగాలి. చెంచా మజ్జిగ వేస్తే పందెంలో మన జట్టుకు ముందే పెద్ద బలగం దొరికినట్టు. పోసిన చల్లని నీళ్ళు అన్నాన్ని త్వరగా చల్లార్చి మరికొంత సాయం చేస్తాయి.

కలి కుండ, తరవాణి కుండ అనే పేర్లు మీ తాతమ్మల నోట విని ఉంటారు. పులిసిన గంజి నీళ్ళు కాసిని అడుగున మిగిల్చి, ఆ పూట గంజి మళ్ళీ అందులోనే పోసేవారు. పెరుగు తోడులాగే ఇదీ తోడే. సూక్ష్మదర్శిని చూడని మనుషులు చేసిన ఏర్పాటిది. ఒడిశాలో పఖాళ, బెంగాల్‌లో పాంతా భాత్, తమిళనాట పళయ సోరు. వరి పండే చోటల్లా ఎవరి కుండ వారికి ఉంది.

చద్దన్నాన్ని పొగిడేటప్పుడు మాత్రం కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. రాత్రి నానబెడితే అన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని రాసేవారున్నారు. మీ రసాయనశాస్త్రం పాఠం గుర్తుచేసుకోండి. ఇనుము మూలకం. బాక్టీరియా దాన్ని కొత్తగా తయారు చేయలేదు. గింజలో ఉన్న ఇనుములో కొంత ఫైటిక్ ఆమ్లం చేతిలో బందీగా ఉంటుంది. పులిసేటప్పుడు ఆ బంధం కొంత వదులై, ఒంటికి పట్టే ఇనుము పెరగవచ్చు. ‘పట్టడం’ వేరు, ‘పుట్టడం’ వేరు.

ఇక ఫ్రిజ్ సంగతి. అందులో పెట్టిన అన్నం పొద్దున్నకు గులకరాళ్ళలా గట్టిపడుతుంది. నీరు ఎండిపోయిందనుకుంటారు. నిజానికి ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థపు అణువుల గొలుసులు చలికి మళ్ళీ దగ్గర చేరి బారులు తీరుతాయి. కాసిని నీళ్ళు చిలకరించి ఆవిరి పట్టిస్తే చాలా బారులు చెదిరి అన్నం మెత్తబడుతుంది. కొన్ని మాత్రం మొండికేస్తాయి. చిన్నపేగు వాటిని అరిగించుకోలేదు. అవి పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి బాక్టీరియాకు మేత అవుతాయి. అదీ మంచిదే. పులిహోరకు మెత్తని వేడన్నం కంటే చల్లారిన అన్నమే పొడిపొడిగా కుదరడానికి కారణం కూడా ఈ బారులే. పైగా చింతపండు పులుపు ఉండబట్టి పులిహోర ప్రయాణాల్లో మామూలు అన్నం కంటే ఎక్కువసేపు నిలుస్తుంది.

పప్పు, కూరల విషయం త్వరగా చెప్పేస్తాను. వండిన రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతు గిన్నెలో కుక్కకుండా వెడల్పు గిన్నెలో పల్చగా సర్దితే త్వరగా చల్లబడతాయి. తినేటప్పుడు కావలసినంతే తీసి, బుడగలు వచ్చేదాకా మరిగించాలి. మళ్ళీ మళ్ళీ వేడి చేయకూడదు. చద్దన్నానికీ అదే రెండు గంటల లెక్క: అన్నం ఆరగానే తాగే నీళ్ళు, మజ్జిగ కలిపి, పొద్దున్నే తినేయాలి. పసిపిల్లలకూ, జబ్బుతో ఉన్నవారికీ అప్పుడే వండినదే పెట్టండి.

రెండు గరిటెల అన్నానికి ఇంత హడావిడి ఎందుకంటారా? కిలో వడ్లు పండడానికి సగటున 2500 లీటర్ల నీళ్ళు కావాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో తొక్కలూ ఎముకలూ కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో సుమారు 60 శాతం హోటళ్ళలోనో, దుకాణాల్లోనో కాదు, ఇళ్ళలోనే.

ఈ రాత్రి మీరే పందెం చూడండి. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. మొదటిదాంట్లో నీళ్ళు మాత్రమే పోయండి. రెండోదాంట్లో ఆరిన అన్నం, నీళ్ళు. మూడోదాంట్లో అన్నం, నీళ్ళు, ఒక చెంచా మజ్జిగ. నాలుగు ఎర్ర మందార రేకులను వేడినీళ్ళలో నానబెడితే రంగు దిగుతుంది. ఆమ్లం తగిలితే అది ముదురు గులాబీ అవుతుంది, క్షారం తగిలితే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఒక్కో గ్లాసులోంచి చెంచాడు నీళ్ళు వేరే తీసి, మందార రసం కలిపి, రంగు రాసుకోండి. ఈ పని రాత్రీ చేయాలి, పొద్దున్నా చేయాలి. మజ్జిగ ముందే పుల్లన కదా! రాత్రి రంగు రాసుకోకపోతే, పొద్దున్న కనిపించే పులుపులో కొత్తగా పుట్టింది ఎంతో తెలియదు. మొదటి గ్లాసు ఎందుకంటారా? కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళు క్షారంగా ఉంటాయి. మీ నీళ్ళ అసలు రంగు ఏమిటో అది చెబుతుంది.

రుచి మాత్రం చూడకండి. పని అయ్యాక మూడు గ్లాసులూ ఏ చెట్టు మొదట్లోనో పారబోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.